గూడెం కొత్తవీధి మండలంలో పూల, పండ్ల కషాయ పానీయాల తయారీ: చైనా ఆహార చికిత్సా పద్ధతి నుండి గ్రహించదగిన అంశాలు

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని గూడెం కొత్తవీధి మండలం పేరు చెప్పగానే కాఫీ, మిరియాలు గుర్తుకు వస్తాయి. సిల్వర్ ఓక్ నీడలో పెరిగే అరబికా కాఫీ, ఆ చెట్లకు పాకించిన మిరియపు తీగలు ఇక్కడి గిరిజన కుటుంబాలకు ప్రధాన నగదు ఆదాయం. ‘అరకు వ్యాలీ అరబికా’ పేరుతో ఈ కొండల కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. మనస్సుకు ప్రశాంతతనిచ్చే పూల, పండ్ల పానీయాలకు నగరాలలో గిరాకీ కనిపిస్తున్నందున, కాఫీతో పాటు ఎర్ర గోగు, ఉసిరి, ఇప్ప పువ్వు, అల్లం, నిమ్మగడ్డి వంటి వాటిని ఎండబెట్టి అమ్మవచ్చునన్న ఆలోచన మహిళా సంఘాలకు, వన్ ధన్ వికాస కేంద్రాలకు కలగడం సహజం. ఈ ఆలోచనకు ముడిసరుకు కొరత అడ్డు కాదు. పొగమంచు కాలంలో సరుకును ఆరబెట్టడం, కాఫీ కోతకాలంలో పనివారిని సమకూర్చుకోవడం, పొట్లంపై నిజం మాత్రమే వ్రాయడం అన్న మూడు విషయాల వద్దనే దీని లాభనష్టాలు తేలుతాయి. పూల పానీయాలలో దీర్ఘకాల అనుభవమున్న చైనా ఆహార చికిత్సా సంప్రదాయం వీటిలో మొదటి దానికి మంచి మార్గం చూపుతుంది. మిగిలిన రెండింటికి సమాధానం స్థానికంగానే వెదకవలసి ఉంటుంది.

చైనా సంప్రదాయంలో పూల పానీయాల స్థానం

చైనా వైద్యంలో ఆహారంతో చేసే చికిత్సను ‘షి ల్యావ్’ అంటారు. 7వ శతాబ్దానికి చెందిన వైద్యుడు సున్ సిమ్యావ్ తన వైద్య గ్రంథంలో ఆహార చికిత్సకు ప్రత్యేకంగా ఒక భాగాన్ని కేటాయించాడు. ముందు ఆహారంతో నయం చేయుటకు ప్రయత్నించి, అది ఫలించనపుడే మందు వాడాలన్నది ఆయన అభిప్రాయం. ఆధునిక కాలంలో చైనా ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2002లో ఆహారంగాను, ఔషధంగాను ఉపయోగించదగిన 87 పదార్థాల జాబితాను ప్రకటించింది. చామంతి పువ్వు, చైనా రేగుపండు, గోజీ పండు, లాంగన్ పండు అందులో ఉన్నాయి. తెలుగువారికి చిరపరిచితమైన ఉసిరి కూడా ఆ జాబితాలో ఉండటం విశేషం.

ఈ సంప్రదాయం పదార్థాలను చలువ చేసేవి, వేడి చేసేవి అని విభజిస్తుంది. తెలుగు ఇళ్ళలో మజ్జిగ చలువ, ఆవకాయ వేడి అన్న లెక్క ఉన్నట్లే అక్కడ చామంతి చలువ, ఎండు రేగుపండు, అల్లం వేడి. చలువ చేసే పువ్వును ఒంటరిగా మరిగించక, దానికి కొద్దిగా వేడి చేసే పండునో, అల్లాన్నో జోడించడం అక్కడి కలయికలకు మూల సూత్రం. మనస్సును నెమ్మదింపజేయడాన్ని ‘ఆన్ షెన్’ అంటారు. గోధుమ, అతిమధురం, ఎండు రేగుపండ్లు కలిపి కాచే కషాయం, అడవి రేగు గింజలతో చేసే మరొక కషాయం ఈ కోవలో ప్రసిద్ధమైనవి. ఈ విభజనను ఆధునిక శరీరధర్మ శాస్త్రం నిర్ధారించినట్లు భావించరాదు. అయితే పులుపు, తీపి, వగరు, ఘాటులను సమతూకంలో ఉంచే రుచిసూత్రంగా అది నేటికీ పనికివస్తుంది.

పేర్ల వలన కలిగే పొరపాట్లు

ముడిసరుకును ఎన్నుకొనే ముందు పేర్లను సరిచూసుకోవడం అవసరం. తెలుగు పత్రికలలో ‘చామంతి టీ’ నిద్రకు మంచిదని తరచుగా వ్రాస్తుంటారు. వారు చెప్పేది సాధారణంగా కామొమైల్ గురించి. కామొమైల్ (మెట్రికేరియా కామొమిల్లా) ఐరోపాలో వాడుకలో ఉన్న చిన్న తెల్ల రేకుల పువ్వు. చైనావారు కాచుకొనే ‘జూ హువా’ మాత్రం క్రిసాంథిమం మోరిఫోలియం, అనగా మన పూజలకు, మాలలకు వాడే చామంతి జాతియే. రెండూ ఒకే కుటుంబానికి చెందినప్పటికీ గుణాలు వేరు. ఒకదానిపై జరిగిన పరిశోధనను మరొకదానికి అన్వయించడం శాస్త్రసమ్మతం కాదు.

రేగుపండు విషయంలోనూ ఇదే జాగ్రత్త పాటించాలి. చైనా రేగు జిజిఫస్ జుజుబా. మన ప్రాంతంలో దొరికే రేగు జిజిఫస్ మారిషియానా, పొదలలో కాసే పరిమి జిజిఫస్ ఈనోప్లియా. వీటి పండ్లు ఎండబెట్టి రుచి కొరకు కలుపుకోవచ్చును. కాని చైనా కషాయానికి ఆపాదించిన నిద్ర గుణాన్ని వీటికి అంటగట్టరాదు.

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం గోగు విషయంలో కలుగుతుంది. పానీయానికి పనికివచ్చేది హైబిస్కస్ సబ్డారిఫాలో కండగల ఎర్రని రక్షకపత్రావళి ఉన్న రకం మాత్రమే. పువ్వు వాడిపోయిన తర్వాత కాయను చుట్టుకొని పెరిగే దళసరి రేకలనే ఇక్కడ రక్షకపత్రావళి అంటున్నాము. కూర కొరకు పెంచే గోంగూరలో చాలా రకాలకు, నార కొరకు పెంచే గోగుకు ఈ రేకలు పలుచగా, పీచుగా ఉంటాయి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పరిశోధన స్థానం నుండి వెలువడిన ఎ.ఎం.వి. శ్రేణి గోగు రకాలు నారకు ఉద్దేశించినవి. కావున ‘గోగు విత్తనం’ అని అడిగి తెచ్చుకొంటే సరిపోదు, కాయ దశలో ఉన్న తల్లి మొక్కను చూసి, రేకను కొరికి, దాని మందాన్ని, పులుపును పరీక్షించి విత్తనం సేకరించాలి.

స్థానిక ముడిసరుకు

ఎర్ర గోగు: తక్కువ ఖర్చుతో, పొలం గట్లపై, చోడి, కందుల పక్కన పండించదగిన పంట. తొలకరిలో విత్తిన మొక్క పగటి వేళ తగ్గే కాలంలోనే పూతకు వస్తుంది. ఆలస్యంగా విత్తినా పూత కాలం పెద్దగా వెనుకకు జరగదు, మొక్క మాత్రం చిన్నదిగా మిగిలిపోతుంది. పువ్వు విచ్చిన సుమారు రెండు మూడు వారాలకు, కాయ ముదిరి పగలక ముందే, రేకలు పెళుసుగా ఉన్నపుడు కోయాలి. ముదిరితే రేకలో పీచు పెరిగి రంగు తగ్గుతుంది. మధ్యనున్న గింజల కాయను తొలగించుటకు, ఒక చివర పదును పెట్టిన చిన్న స్టీలు గొట్టాన్ని కాయ అడుగు భాగాన గుచ్చి తిప్పి నెడితే కాయ విడిగా బయటకు వస్తుంది, రేకలు పువ్వు ఆకారంలో నిలిచి ఉంటాయి. మార్కెట్టులో ఆకారం చెడని రేకలకే మంచి ధర వస్తుంది. తొలగించిన కాయలలో ముదిరిన వాటిని ఆరబెట్టి మరుసటి ఏడు విత్తనంగా ఉంచుకోవచ్చును.

గోంగూర ఆకు వేడి చేస్తుందని తెలుగువారి నమ్మకం. అదే మొక్క రేకలతో చేసిన ‘కర్కదే’ను ఈజిప్టు, సూడాన్ ప్రజలు ఎండ తీవ్రతకు చల్లగా త్రాగుతారు. ఒకే మొక్కలో ఆకు ఒక తీరు, రేక ఒక తీరు అన్న వాదన కన్నా, వేడి-చలువల లెక్క ప్రాంతాన్ని బట్టి మారుతుందనుకోవడమే సమంజసం.

ఉసిరి: శీతాకాలంలో అడవి నుండి వస్తుంది. మరిగే నీటిలో రెండు మూడు నిమిషాలు ఉంచి, గింజ తీసి, పలుచని బిళ్ళలుగా తరిగి ఆరబెడితే రంగు నల్లబడకుండా ఉంటుంది. ఎండలో ఎక్కువ రోజులు ఉంచిన ఉసిరిలో సి విటమిను చాలావరకు నశిస్తుంది. వగరు మాత్రం నిలుస్తుంది.

ఇప్ప పువ్వు: మండలంలోని తక్కువ ఎత్తు ప్రాంతాలలో, మార్చి, ఏప్రిల్ నెలలలో తెల్లవారుజామున రాలుతుంది. చైనా కలయికలో ఎండు రేగు చేసే పనిని, అనగా పులుపును, వగరును తగ్గించి సహజమైన తీపిని ఇవ్వడాన్ని, ఇక్కడ ఇప్ప పువ్వు చేయగలదు. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. చెట్టు క్రింద ఆకులను కాల్చి నేల శుభ్రం చేసి పువ్వు ఏరుకొనే పద్ధతి మొలకలను చంపుతుంది, పువ్వుకు బూడిద, మట్టి అంటిస్తుంది. చెట్టు క్రింద వల లేదా పాత చీర కట్టి పట్టిన పువ్వే పానీయానికి తగినది. లోపలి కేసరాలను దులిపివేసిన తర్వాతనే ఆరబెట్టాలి.

చామంతి: పగటి వేళ తగ్గినపుడు పూచే మొక్క కాబట్టి కొండల చలికి అనువైనది. అయితే మాలల కొరకు పెంచిన, సంతలో కొన్న పువ్వును ఎట్టి పరిస్థితులలోనూ కాచుకొని త్రాగరాదు. పేనుబంక, తామర పురుగులకు కోత వరకు మందు చల్లడం ఆ పంటలో మామూలు. త్రాగుటకు ఉద్దేశించిన చామంతిని వేరుగా, పురుగుమందు లేకుండా, చిన్న పువ్వుల రకంతో పెరటి మడులలో పెంచాలి. అల్లం, నిమ్మగడ్డి, తులసి సంవత్సరంలో ఎక్కువ కాలం దొరుకుతాయి కాబట్టి వాటి గురించి వేరుగా చెప్పవలసినది తక్కువ.

అడవి నుండి తెచ్చే పువ్వుల విషయంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. ఉమ్మెత్త, గన్నేరు, పచ్చ గన్నేరు, అడవి నాభి పువ్వులు అందంగా కనిపించినా ప్రాణాంతకమైనవి. ఒకే బుట్టలో పలు రకాల పువ్వులు ఏరి తెచ్చి తర్వాత వేరు చేసే అలవాటును మొదటినుంచే మానిపించాలి. ఒక బుట్టకు ఒకే జాతి అన్న నియమం ఖర్చు లేనిది, అత్యంత విలువైనది.

కాఫీ కోతతో పోటీ

పై వివరాలను ఒక పంచాంగంగా పరిశీలిస్తే అసలు ఇబ్బంది బయటపడుతుంది. గోగు రేకలు, ఉసిరి, చామంతి మూడూ నవంబరు నుండి జనవరి లోపే వస్తాయి. కాఫీ పండ్ల కోత కూడా అదే సమయంలో సాగుతుంది. ఇంట్లోని మహిళలు తెల్లవారి కాఫీ తోటకు వెళ్ళి సాయంత్రం వచ్చి, ఆ రాత్రి గోగు కాయల నుండి గింజ తీయవలసి వస్తుంది. ఆరబెట్టే కళ్ళం, టార్పాలిన్లు కూడా కాఫీకే చాలవు. నెల రోజులు ఆలస్యమైన కాఫీ పండు చెట్టుపైనే ఎండిపోతే జరిగే నష్టం, గోగు రేకల నుండి వచ్చే ఆదాయం కన్నా ఎక్కువ కావచ్చును.

కనుక కాఫీ తోటలు ఎక్కువగా ఉన్న గ్రామాలలో ఈ పని సంఘంలోని అందరికీ కాక, కాఫీ లేని లేదా తక్కువగా ఉన్న కుటుంబాలకు అప్పగించడం మేలు. సీలేరు వైపు తక్కువ ఎత్తున ఉన్న గ్రామాలు ఇందుకు అనుకూలం. పెద్ద విస్తీర్ణం కన్నా, ఒక కుటుంబం ఒక రోజులో గింజ తీసి, ఆరబెట్టగలిగినంత గోగు మాత్రమే గట్లపై పెంచాలి. కోసిన రేకను ఆ రోజే ఆరబెట్టలేనివారు ఆ రోజు కోయకపోవడమే మంచిది. ఇప్ప పువ్వు వేసవిలో వస్తుంది కాబట్టి దానికి ఈ పోటీ లేదు.

ఆరబెట్టడం

పానీయపు నాణ్యతలో ఎక్కువ భాగం ఆరబెట్టుటలోనే నిర్ణయమవుతుంది. చైనాలో చామంతిని రెండు విధాలుగా తయారుచేస్తారు. హాంగ్జౌ ప్రాంతపు తెల్ల చామంతిని ముందు కొద్దిసేపు ఆవిరికి పట్టి తర్వాత ఆరబెడతారు. హువాంగ్‌షాన్ ప్రాంతపు చామంతిని నేరుగా వేడిగాలి గదులలో ఆరబెడతారు. ఆవిరి పట్టడం వలన పువ్వులోని ఎంజైములు నిలిచిపోయి రేక గోధుమరంగుకు మారదు. పైనున్న సూక్ష్మజీవుల సంఖ్య కూడా తగ్గుతుంది. ఇడ్లీ పాత్రలో పలుచని గుడ్డపై ఒకే పొరగా పువ్వులు పరచి ఒకటి రెండు నిమిషాలు ఆవిరి పట్టడం ఏ ఇంట్లోనైనా సాధ్యమే. ఎక్కువసేపు ఉంచితే పువ్వు ముద్దవుతుంది.

గూడెం కొత్తవీధి, చింతపల్లి మండలాలలో శీతాకాలపు ఉదయాలు దట్టమైన పొగమంచుతో ఉంటాయి. పొరుగు మండలంలోని లంబసింగి చలికి ప్రసిద్ధి చెందినది. ఎండ వచ్చేసరికి పొద్దెక్కుతుంది, సాయంత్రం త్వరగా చల్లబడుతుంది. పగలు కోల్పోయిన తేమను రేకలు రాత్రి గాలి నుండి తిరిగి పీల్చుకొంటాయి. మూడు రోజులలో ఆరవలసిన సరుకు వారమైనా మెత్తగానే ఉండి బూజు పడుతుంది. ఇటువంటి పరిస్థితిలో కేవలం ఎండపై ఆధారపడరాదు. పాలిథిన్ కప్పిన సౌర ఆరబెట్టు గూడు, దాని పైభాగాన తేమ గాలి బయటకు పోవుటకు చిమ్నీ, నేలకు మీటరు ఎత్తులో వెదురు తడికెలు ఉంటే చాలావరకు సమస్య తీరుతుంది. తడికెపై పొర ఒక అంగుళం మించరాదు. సాయంత్రం నాలుగు గంటలకే సరుకును తీసి, వేడిగా ఉండగా మూతగల డబ్బాలలో పెట్టి, మరునాడు మంచు విడిన తర్వాత మాత్రమే తిరిగి పరచాలి. రాత్రంతా తడికెలపై వదిలివేయడమే ఈ ప్రాంతంలో సరుకు చెడుటకు ప్రధాన కారణమని చెప్పవచ్చును. పొయ్యి పైన అటకపై ఆరబెట్టే పాత అలవాటు చోడి కంకులకు, మొక్కజొన్నకు మంచిదే. పానీయానికి ఉద్దేశించిన పువ్వుకు మాత్రం పొగ వాసన పట్టిస్తుంది.

ఉష్ణోగ్రత విషయంలో చామంతి, తులసి, నిమ్మగడ్డి వంటి సువాసన గల వాటికి 40 నుండి 50 డిగ్రీల సెల్సియస్, గోగు రేకలకు, ఉసిరి బిళ్ళలకు 50 నుండి 60 డిగ్రీలు తగినవి. అంతకు మించితే సువాసన తైలాలు పోతాయి, గోగు ఎరుపు గోధుమరంగుగా మారుతుంది.

సరుకు ఎప్పుడు ఆరిందో తెలుసుకొనుటకు చేతితో నలిపి చూడటం అందరికీ తెలిసిన పద్ధతి. దానికన్నా తూకం నమ్మదగినది. పచ్చి రేకలో తేమ 88 శాతం అనుకొందాము. 10 కిలోల పచ్చి రేకలలో నీరు పోగా ఉండే పదార్థం 1.2 కిలోలు. నిల్వకు తగిన 10 శాతం తేమ వద్ద ఈ సరుకు బరువు 1.33 కిలోలు కావాలి. తూకం 1.5 కిలోలు ఉన్నదంటే తేమ ఇంకా 20 శాతం ఉన్నట్లు. ఆ స్థితిలో పైకి ఎండినట్లు కనిపించినా సంచిలో కట్టిన కొద్ది వారాలకే బూజు వస్తుంది. ఆ 170 గ్రాముల అదనపు బరువుకు ఆశపడి తొందరగా కట్టిన సంచి మొత్తం చెడిపోవచ్చును. పచ్చి సరుకులో తేమ ఎంతో తెలియనపుడు, 100 గ్రాముల నమూనాను సన్నగా తరిగి, పెనంపై మాడకుండా బరువు మారని వరకు ఆరబెట్టి తూచితే పొడి పదార్థం శాతం తెలుస్తుంది. ప్రతి కోతకు ఒకసారి ఇలా చూసుకోవాలి, వర్షం తర్వాత కోసిన రేకలో నీరు ఎక్కువ.

ఆరిన సరుకును చల్లారిన తర్వాత, గాలి చొరని మందపాటి సంచులలో, కోత తేదీ, గ్రామం, జాతి పేరు వ్రాసి నిల్వ చేయాలి. గాజు సీసా అందంగా ఉన్నా వెలుతురు గోగు రంగును తగ్గిస్తుంది.

కలయికలు, కాచే విధానం

స్థానికంగా సాధ్యమయ్యే మొదటి కలయిక గోగు రేక, ఇప్ప పువ్వు, అల్లం. 200 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల గోగు రేక, నాలుగైదు ఎండు ఇప్ప పువ్వులు, చిన్న ముక్క ఎండు అల్లం సరిపోతాయి. నీటిని మరిగించి దించి, పదార్థాలు వేసి, మూతపెట్టి ఐదు నిమిషాలు ఉంచి వడగట్టాలి. పులుపు ఎక్కువ అనిపిస్తే గోగు తగ్గించాలి, పంచదార పెంచరాదు. ఈ లెక్కన పైన చెప్పిన 1.33 కిలోల ఎండు రేక సుమారు 650 కప్పులకు వస్తుంది. గోగు పులుపు అల్యూమినియంను కరిగిస్తుంది కాబట్టి స్టీలు, గాజు, మట్టి పాత్రలలో మాత్రమే కాచాలి. ఏజెన్సీ ఇళ్ళలో అల్యూమినియం గిన్నెలు ఎక్కువగా వాడుకలో ఉన్నందున ఈ మాట పొట్లంపై కూడా ముద్రించదగినది.

రెండవది చామంతి, ఉసిరి. కప్పుకు మూడు నుండి ఐదు చిన్న చామంతులు, రెండు ఉసిరి బిళ్ళలు. చైనాలో చామంతిపై మరిగే నీరు కాక, కొద్దిగా చల్లారిన నీరు పోసి, అదే పువ్వుపై రెండు మూడు సార్లు నీరు పోసుకొని త్రాగుతారు. ఎక్కువ మరిగిస్తే చేదు వస్తుంది. తేనె వాడేవారు పానీయం గోరువెచ్చగా అయిన తర్వాత కలుపుకొంటే తేనె సువాసన నిలుస్తుంది. కొండ తేనె ఇక్కడ గిరిజన సహకార సంస్థ సేకరించే సరుకులలో ఒకటి కాబట్టి, చిన్న తేనె సీసాను పొట్లంతో కలిపి అమ్మడం సులువు.

మూడవది నిమ్మగడ్డి, తులసి, అల్లం. దీనికి కొత్తగా చెప్పవలసినది లేదు, ప్రతి ఇంట్లోనూ తెలిసినదే. పట్టణ వినియోగదారుడు మొదట కొనేది కూడా సాధారణంగా ఇటువంటిదే.

కాఫీ పండు తొక్క

ఈ మండలంలో ‘పండ్ల టీ’ అనగానే మరొక ముడిసరుకు స్ఫురిస్తుంది. కాఫీ పండు నుండి గింజ తీసినపుడు మిగిలే తొక్క, గుజ్జు పండు బరువులో దాదాపు 40 శాతం ఉంటాయి. దీనిని వాగులలోకి వదిలితే నీరు కలుషితమవుతుంది. యెమెన్ దేశస్థులు ఎండిన కాఫీ తొక్కను అల్లంతో కాచి ‘ఖిష్ర్’ అన్న పేరుతో తరతరాలుగా త్రాగుతున్నారు. ఐరోపా సమాఖ్య 2022లో ఎండు కాఫీ పండు గుజ్జును ఆహారంగా అనుమతించింది. వ్యర్థం ఆదాయంగా మారడం ఆకర్షణీయమైన విషయమే.

అయినప్పటికీ దీనిని ప్రశాంతతనిచ్చే పానీయాల వరుసలో చేర్చరాదు. కాఫీ గింజలలో కన్నా తక్కువైనా తొక్కలో కెఫీన్ ఉంటుంది. నిద్ర కొరకు రాత్రి పానీయం కొనుక్కొన్న వ్యక్తికి కెఫీన్ ఇవ్వడం నమ్మకద్రోహం. పైగా తీపి గుజ్జు కొన్ని గంటలలోనే పులిసి బూజు పడుతుంది. కాఫీ తొక్కలో అక్రాటాక్సిన్ వంటి బూజు విషాలు చేరే అవకాశం గోగు రేకల కన్నా ఎక్కువ. బాగా పండిన, నేల రాలని పండ్ల తొక్కను గుజ్జు తీసిన రోజే శుభ్రమైన తడికెలపై ఆరబెట్టగలిగే, ప్రయోగశాల పరీక్ష చేయించగలిగే పెద్ద సంఘాలే ఈ పనికి పూనుకోవాలి. దానిని ఉదయపు పానీయంగా, కెఫీన్ ఉందని స్పష్టంగా ముద్రించి, వేరే పేరుతో అమ్మాలి. అమ్మకానికి ముందు ఆహార భద్రతా అధికారి నుండి అనుమతి వివరాలు తెలుసుకోవాలి. ఆర్.వి.నగర్‌లోని కాఫీ బోర్డు ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఇదే మండలంలో ఉన్నందున సాంకేతిక సలహా దూరం కాదు.

‘ప్రశాంతత’ అన్న మాటకు ఆధారం ఎంత

పూల పానీయాలపై జరిగిన పరీక్షలు చిన్నవి, ఫలితాలు పరిమితమైనవి. అమెరికాలో 57 మంది ఆందోళన రోగులపై జరిపి 2009లో ప్రచురించిన పరీక్షలో కామొమైల్ తీసుకొన్నవారిలో ఆందోళన కొంత తగ్గింది. అయితే వారికి ఇచ్చినది గాఢమైన సారం నింపిన గొట్టాలు, కప్పులో కాచిన పానీయం కాదు. గోగు విషయంలో 2010లో ప్రచురితమైన మరొక పరీక్షలో, రక్తపోటు స్వల్పంగా ఎక్కువ ఉన్న 65 మంది ఆరు వారాలు రోజుకు మూడు కప్పులు త్రాగగా పై రక్తపోటు సగటున 7.2 మిల్లీమీటర్లు తగ్గింది. ఉత్తుత్తి పానీయం త్రాగిన వారిలో తగ్గుదల 1.3 మాత్రమే. ఇది ఉపయోగకరమైన ఫలితమే. కాని రక్తపోటు తగ్గడం, మనస్సు నెమ్మదించడం ఒకటి కావు.

ఈ పానీయాల వలన కలిగే ప్రశాంతతలో నిస్సందేహంగా చెప్పదగిన భాగం ఒకటుంది. సాయంత్రం కాఫీ, టీలకు బదులుగా కెఫీన్ లేని వెచ్చని పానీయం త్రాగినవారికి, కెఫీన్ వలన నిద్ర చెడే అవకాశం తొలగుతుంది. ఇంతమాత్రం చెప్పినా కొనేవారు కొంటారు. పడుకొనే ముందు కాక గంటన్నర, రెండు గంటల ముందు త్రాగితే రాత్రి లేవవలసిన అవసరం తగ్గుతుంది.

ఎవరు త్రాగరాదు

రక్తపోటుకు మందులు వాడేవారు గోగు పానీయాన్ని వైద్యుని అడగకుండా రోజూ త్రాగరాదు. గర్భిణులు గోగును మానడం క్షేమం. వయ్యారిభామ మొక్క తగిలితే దద్దుర్లు వచ్చేవారికి అదే కుటుంబానికి చెందిన చామంతి, కామొమైల్ కూడా పడకపోవచ్చును. మధుమేహం ఉన్నవారికి ఇప్ప పువ్వు కలిపిన పొట్లం తగదు. చైనా కలయికలను అనుసరించి అతిమధురం కలపాలనుకొనేవారు అది ఎక్కువ కాలం వాడితే రక్తపోటు పెంచుతుందని, పొటాషియం తగ్గిస్తుందని గుర్తించాలి. అన్నిటికన్నా ఏజెన్సీలో ముఖ్యమైన విషయం రక్తహీనత. వగరు గల కషాయాలు భోజనంతో పాటు త్రాగితే ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. కాబట్టి భోజనానికి, పానీయానికి మధ్య కనీసం గంట వ్యవధి ఉండాలి. చోడి అంబలి త్రాగే వేళను ఈ పానీయం ఆక్రమించరాదు. అంబలి ఆహారం, ఇది కాదు.

పొట్లంపై వ్రాయవలసినది

భారత ఆహార ప్రమాణాల ప్రకారం ‘టీ’ అన్నది కమీలియా సైనెన్సిస్ అనే తేయాకు మొక్క నుండి వచ్చినది మాత్రమే. కాబట్టి ‘గోగు టీ’, ‘చామంతి టీ’ అని ముద్రించక ‘గోగు పూరేకల పానీయం’, ‘చామంతి కషాయం’ వంటి పేర్లు వాడాలి. తెలుగులో కషాయం అన్న మాటకు మందు వాసన ఉన్నదని కొందరి అభ్యంతరం. అటువంటప్పుడు పానీయం అనడమే మేలు. ఆహార ప్రకటనలు, ప్రకటించే గుణాలపై 2018లో వచ్చిన నిబంధనలు రోగాలను నయం చేస్తుందన్న ప్రచారాన్ని అనుమతించవు. నిద్రలేమిని పోగొడుతుంది, రక్తపోటును నయం చేస్తుంది అన్న మాటలు చిన్న సంఘాన్ని న్యాయపరమైన చిక్కులలో పడవేస్తాయి. చిన్న ఉత్పత్తిదారులు సైతం ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు చేసుకోవాలి. ఆ సంఖ్యను, పదార్థాల పేర్లను బరువు క్రమంలో, తయారీ తేదీని, ఎంతకాలంలో వాడాలో, ఏ గ్రామంలో పండిందో ముద్రించాలి. ‘కెఫీన్ లేదు’ అన్న మాట, తేయాకు గాని కాఫీ తొక్క గాని కలపని పొట్లంపై ధైర్యంగా వ్రాయవచ్చును.

మొదటి ఏడు ప్రయత్నించే సంఘం ఒకే పానీయాన్ని, 50 గ్రాముల పొట్లాలలో, చింతపల్లి, లంబసింగి వచ్చే శీతాకాలపు పర్యాటకులకు అమ్మి చూడటం సురక్షితం. గోగు పంట, పర్యాటకుల రాక రెండూ ఒకే కాలంలో ఉన్నందున నిల్వ సమస్య తక్కువ. విత్తన ఎంపికకు, ఆరబెట్టు గూడు నిర్మాణానికి చింతపల్లిలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు ప్రాంతీయ పరిశోధన స్థానాన్ని, చామంతి సాగుకు అక్కడి ఉద్యాన పరిశోధన స్థానాన్ని సంప్రదించవచ్చును. సంప్రదించుటకు వెళ్ళేటపుడు మాటలతో పాటు పచ్చి రేకలు ఒక కిలో, ఆరిన రేకలు వంద గ్రాములు, వాటి తూకాల చీటీ వెంట తీసుకొని వెళితే సలహా కచ్చితంగా లభిస్తుంది.